కత్తెరమ్మ ఒప్పుకోని మాత్ర

ఆ పెద్దాస్పత్రిలో ఆమెను వెనకాల అందరూ కత్తెరమ్మ అనేవాళ్ళు. ఎదురుపడితే మాత్రం మేడమ్. ఈ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసి ఏనాడూ నొచ్చుకోలేదు సరికదా, లోలోపల కాస్త మురిసిపోయేది కూడా.

ఆమె పని అలాంటిది. ఏదైనా కొత్త మందుకు ప్రభుత్వ అనుమతి వచ్చినంత మాత్రాన ఆ ఆస్పత్రిలో రోగులకు ఇచ్చేయరు. ముందు దాని కాగితాలన్నీ మూడో అంతస్తులో, మెట్ల పక్కనున్న ఆమె గదికి రావాలి. కంపెనీ వాళ్ళు పంపే రంగురంగుల పుస్తకాన్ని ఆమె తెరవను కూడా తెరవదు. అసలు ప్రయోగాల నివేదిక తెప్పించుకుని చివరి పేజీల నుంచి మొదలుపెడుతుంది. ఎంతమందికి ఇచ్చి చూశారు, మధ్యలో ఎంతమంది మానేశారు, ఎందుకు మానేశారు, దేనితో పోల్చారు, ఎన్నాళ్ళు చూశారు అని పెన్సిలుతో గీసుకుంటూ పోయి, ఆఖరికి రెండు పేజీల్లో తేల్చి రాసి, నెలకోసారి కూర్చునే మందుల కమిటీ ముందు పెడుతుంది. గుండెమంటకని వచ్చిన ఒక కొత్త మందు పాతదానికే చొక్కా మార్చిన సరుకని బయటపెట్టింది ఆమే. మోకాళ్ళ నొప్పుల మాత్ర ఒకటి, పాత మాత్రను సగం మోతాదులో ఇచ్చి దాని మీద గెలిచిందని కనిపెట్టిందీ ఆమే.

"అవతలివాడి కాళ్ళు కట్టేసి పరుగుపందెం పెట్టారండీ" అని ఆమె అంటే ఆవేళ కమిటీ అంతా పగలబడి నవ్వింది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే ఉద్యోగం. ఆమె కాదన్న మందు ఆ ఆస్పత్రి గుమ్మం దాటి లోపలికి వచ్చింది లేదు.

ఆ ఏడాది పార్శ్వపు తలనొప్పికి కొత్త మాత్ర వచ్చింది. రోజుకొకటి వేసుకుంటే నొప్పి రాకుండానే ఆపుతుందట. పత్రికల్లో రాశారు, టీవీలో డాక్టర్లు చెప్పారు. దాని కాగితాలు కత్తెరమ్మ గదికి చేరిన సాయంత్రమే అక్క ఫోన్ చేసింది.

"ఒసేయ్ చిన్నీ, ఆ తలనొప్పి మాత్ర నీ బల్ల మీదికొచ్చిందటగా?"

"నీకెవరు చెప్పారే?"

"తలనొప్పి డాక్టరుగారే చెప్పారు. మీ చెల్లెలు సరేనంటే వచ్చే నెల నుంచి ఆస్పత్రిలోనే ఇస్తామన్నారు. అనవే తొందరగా!"

"ఇవాళే వచ్చింది. ముందు చదవనీ."

"చదువు, చదువు. నువ్వు చదివేలోగా నా తల రెండు చెక్కలవుతుంది, వచ్చి చెరోటీ పట్టుకుందురుగాని నువ్వూ మీ బావా" అని నవ్వింది అక్క.

అక్క నవ్విందంటే ఆరోజు నొప్పి లేదని అర్థం. నెలలో పది పన్నెండు రోజులు ఆమె నవ్వదు, మాట్లాడదు, కళ్ళు తెరవదు. తండ్రి పోయేనాటికి ఆమెకు పంతొమ్మిదేళ్ళు, చెల్లెలికి పదకొండు. తల్లి అంతకుముందే పోయింది. తండ్రి గడియారాల రిపేరు కొట్టును అమ్మేయమని నలుగురూ చెబితే చెవిన వేసుకోకుండా, అక్క ఆయన స్టూలు మీద ఆయన భూతద్దమే కంటికి బిగించుకుని కూర్చుంది. నువ్వుగింజంత మరలు, వెంట్రుకలాంటి స్ప్రింగులు. ఆ పని మీదే చెల్లెల్ని ఫార్మసీ చదివించింది. తలనొప్పి మొదలైంది కూడా ఆ స్టూలు మీదే. ముందు ఎడమ కంటి పక్కన వెలుగు వంకరటింకరగా మెరుస్తుంది. అది మెరిసిన అరగంటలో కొట్టు షట్టరు దించేసి ఇంటికి చేరిపోవాలి. ఆ తర్వాత చీకటి గది, తడి తువ్వాలు, మంచం పక్కన గిన్నె. పక్కింటి తలుపు చప్పుడు కూడా సుత్తితో నెత్తిన మోదినట్టుంటుంది.

పాత మందులన్నీ అయిపోయాయి. ఒకటి వేసుకుంటే పగలంతా నిద్ర. ఇంకోదానికి ఒళ్ళు వచ్చేసింది. మూడోది కాస్త పనిచేసిందిగాని చేతులు వణికాయి. చేతులు వణికితే గడియారం పని ఎలా? మానేసింది.

కత్తెరమ్మ ఆ నివేదికను తొమ్మిది రోజులు చదివింది. ఎప్పటికన్నా ఎక్కువే చదివింది. ఎక్కడైనా ఒక్క మంచి మాట దొరుకుతుందేమోనని చదివింది. పోలిక కోసం ఇచ్చిన, మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకు నెలకు ఎనిమిది రోజులుండే నొప్పి ఆరు రోజులకు తగ్గింది. అసలు మాత్ర వేసుకున్నవాళ్ళకు ఐదు రోజులకు తగ్గింది. అంత ఆర్భాటమూ ఆ ఒక్కరోజు తేడా గురించే. పాత మందులతో పోల్చనే లేదు. చూసింది మూడు నెలలు. ఇక అన్నిటికన్నా చివర, నూట నలభయ్యో పేజీలో ఒక చిన్న పట్టిక. మాత్ర వేసుకున్న తొమ్మిదివందల మందిలో ఏడుగురికి కాలేయం పరీక్ష లెక్కలు మామూలుకు మూడింతలు దాటాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో ఒక్కరికీ దాటలేదు. ఆ ఏడుగురినీ ప్రయోగం నుంచి తప్పించారు. తర్వాత వాళ్ళు ఏమయ్యారో ఎక్కడా లేదు.

కంపెనీకి ఉత్తరం రాసింది. కంపెనీ మనిషి టై కట్టుకుని స్వయంగా వచ్చాడు.

"ఆ ఏడుగురూ ఎలా ఉన్నారండీ?" అని అడిగింది.

"అది... పేషెంట్ల వ్యక్తిగత సమాచారం కదా మేడమ్."

"పేర్లు అడగట్లేదయ్యా. బతికున్నారా అని అడుగుతున్నా."

అతను నీళ్ళు నమిలి, పైవాళ్ళను కనుక్కుని చెబుతానని చెప్పి జారుకున్నాడు. మళ్ళీ కనబడలేదు.

ఆ ఆదివారం అక్క ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. అక్క శ్రద్ధగా వింది. బావ కరెంటు మీటర్ల రీడింగు తీసే ఉద్యోగి, సరదా మనిషి. "అంటే మరదలా, మీటరు తిరుగుతోందిగాని ఇంట్లో బల్బు వెలగట్లేదంటావ్" అన్నాడు. అక్క నవ్వలేదు.

"ఎంతమందికి సగానికి సగం తగ్గింది?"

"పదిమందిలో నలుగురికి. కానీ ఉత్తుత్తి మాత్రకే ముగ్గురికి తగ్గిందే అక్కా. మందు వల్ల లాభపడింది పదిమందిలో ఒక్కరే."

"ఆ ఒక్కరూ నేనెందుకు కాకూడదు?"

పద్దెనిమిదేళ్ళలో ఆ ప్రశ్న కత్తెరమ్మను ఏ డాక్టరూ అడగలేదు. "కాకూడదని కాదు. కాలేయం సంగతి తేలేదాకా ఆగుదామంటున్నా."

"నేను ఇరవయ్యారేళ్ళుగా ఆగుతున్నానే" అంది అక్క, గట్టిగా కూడా అనలేదు.

కమిటీలో ఆమె ఉన్నమాటే చెప్పింది. తలనొప్పి డాక్టరు ఎదురుతిరిగాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఓపికగా చూస్తాడని పేరున్నవాడు. "మేడమ్, మీరు పట్టికలు చూస్తారు. నేను మనుషుల్ని చూస్తాను. నొప్పి భరించలేక గోడకు తల బాదుకునేవాళ్ళను చూస్తాను. సగటు లెక్క వాళ్ళకు చెప్పి పంపమంటారా?" అన్నాడు.

"మనుషుల్ని లెక్కపెడితేనే కదండీ పట్టిక అయ్యేది" అంది కత్తెరమ్మ. అందరూ తలలూపారు. ఆరు నెలలు ఆగి మళ్ళీ చూద్దామని కమిటీ పెద్దాయన తీర్పు చెప్పాడు. ఆయన ఈ ఆస్పత్రికంతటికీ పెద్ద డాక్టరు, ఒకప్పుడు ఆమెకు పాఠాలు చెప్పినవాడు. తన అక్కకే ఆ జబ్బు ఉందని ఆమె ఆ గదిలో అనలేదు. అంటే మెత్తబడిపోతానేమోనని భయపడింది. మెట్లు దిగుతుంటే మాత్రం ఛాతీ కాస్త విరుచుకునే దిగింది. సొంత మనిషి అడిగినా తన మాట మారలేదు మరి.

తర్వాత మూడు నెలలు అక్క తలనొప్పి మాటే ఎత్తలేదు. అలిగిందేమో అనుకుంది. కానీ వెళ్ళినప్పుడల్లా అక్క కళకళలాడుతూ కనిపించింది. ఒకసారి కిటికీ తెరలన్నీ తీసి ఉతికి ఆరేసింది. ఒకసారి బావతో సినిమాకు వెళ్ళొచ్చింది. ఆ చప్పుడు మధ్య మూడు గంటలు కూర్చుని వచ్చింది! తండ్రి కాలం నుంచి ఎవరూ ముట్టుకోని గోడ గడియారాలు నాలుగు దులిపి బాగుచేస్తోంది. కొట్టు ముందు బెంచీ మీద జనం కూర్చుని కబుర్లు చెబుతున్నారు.

"ఏంటే, దిష్టి తగిలేట్టున్నావ్" అంది కత్తెరమ్మ.

"రోజులు బాగున్నాయిలే" అంది అక్క, చూపు తప్పించి.

ఆరోజే చేతి గడియారం పట్టీ ఊడిపోతే, పిన్ను కోసం అక్క బల్ల సొరుగు లాగింది. మరల డబ్బాల వెనక మాత్రల అట్టలు కనిపించాయి. 'శాంపిలు, అమ్మకానికి కాదు' అని అచ్చు వేసి ఉంది. పేరు చదవక్కర్లేకుండానే ఆ రంగు చూసి గుర్తుపట్టింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

అక్క భూతద్దం కంటికి ఉంచుకునే తలెత్తింది. "రెండున్నర నెలలు. డాక్టరుగారు తన సొంత క్లినిక్‌లో ఇచ్చారు. డెబ్భై ఎనిమిది రోజులు అయింది చిన్నీ. ఎన్నిసార్లు నొప్పి వచ్చిందో చెప్పనా? రెండుసార్లు. అదీ మధ్యాహ్నానికి పోయింది."

"రక్తపరీక్ష చేయించారా?"

"సంతోషంగా ఉందా అక్కా అని అడగవేం?"

"అక్కా, రక్తపరీక్ష..."

"నీ కాగితాల్లో నేను లేనే! ఆ తొమ్మిదివందల మందిలో నేను లేను. నాకు తగ్గింది. నా తల, నాకు తెలియదా?" అక్క చేతిలోని పట్టకారు బల్ల మీద పడింది. "సూది గుచ్చి నా సుఖం కూడా లాక్కుందామని వచ్చావా?"

బెంచీ మీద కూర్చున్న ఇద్దరూ లేచి మెల్లగా బయటికి నడిచారు.

నాలుగు రోజులు బతిమాలి, చివరికి బావే తీసుకెళ్ళి రక్తం ఇప్పించాడు. కాగితం కత్తెరమ్మ చేతికి వచ్చింది. కాలేయం లెక్క మామూలుకు నాలుగింతలు దాటింది. కళ్ళు పచ్చబడలేదు, ఆకలి మందగించలేదు, పైకి ఏమీ లేదు. లోపల మాత్రం కాలేయం కందిపోయింది. తన లెక్క తప్పలేదని తెలిసినప్పుడల్లా కలిగే ఆ చిన్న సంతోషం ఆ క్షణాన కూడా ఒక మూల చివాల్న లేచింది. ఆమె దాన్ని చూసుకుంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

అక్క మాత్రలు మానేసింది. వాదించలేదు. అట్టలన్నీ తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టి, "తీస్కో" అంది. ఆరు వారాల్లో రక్తం మామూలైంది. మూడో వారంలోనే నొప్పి తిరిగొచ్చింది. ఇన్నాళ్ళు దూరంగా ఉన్న బాకీ కూడా తీర్చుకున్నట్టు నెలకు పదిహేను రోజులు వచ్చింది. షట్టరు దిగింది. గోడ గడియారాల్లో రెండు విప్పినవి విప్పినట్టే ఉండిపోయాయి.

కత్తెరమ్మ పద్ధతి ప్రకారం ఫారం నింపి మందుల వల్ల జరిగే హాని చూసే శాఖకు పంపింది. రోగి పేరు రాయలేదు, వయసు మాత్రం రాసింది. కంపెనీ నుంచి రెండు నెలలకు జవాబు వచ్చింది. రోగి అంతకుముందు నొప్పి బిళ్ళలు కూడా వాడేదని వైద్యుడు తెలిపినందున, సదరు మాత్రకూ ఈ మార్పుకూ సంబంధం నిర్ధారణ కాలేదు అని. ఆ వైద్యుడు ఎవరో అడగక్కర్లేదు.

ఆరు నెలల గడువు అయ్యాక కమిటీ మళ్ళీ కూర్చుంది. తలనొప్పి డాక్టరు ఈసారి తన క్లినిక్‌లో మాత్ర వాడిన ముప్ఫైమంది జాబితా తెచ్చాడు. ఇరవైరెండు మందికి బ్రహ్మాండంగా ఉందన్నాడు. కత్తెరమ్మ పాత పట్టికతో పాటు కొత్త కేసు కూడా పెట్టింది. "యాభయ్యేళ్ళలోపు మనిషి, తాగుడు లేదు, వేరే జబ్బు లేదు. మాత్ర వేసుకుంటే లెక్క పెరిగింది, మానేస్తే దిగింది" అని చదివింది.

"ఒక్క మనిషిని చూసి చెప్పేస్తారా మేడమ్?" అన్నాడు తలనొప్పి డాక్టరు. "పట్టిక కావాలనేది మీరే కదా."

ఎవరో నవ్వారు. ఆయన గొంతు తగ్గించాడు. "చెప్పడం నాకిష్టం లేదు. కానీ ఆ పేషెంటు ఈవిడ సొంత అక్కగారు. ఆ ముక్క కాగితంలో లేదు."

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి ఆమెను చూశాడు.

"నిజమేనా అమ్మా?"

"నిజమేనండి. కానీ రక్తం అక్కదైనా ఇంకొకరిదైనా లెక్క అదేగా."

"చెప్పి ఉండాల్సింది. ఇన్నేళ్ళ నీ పేరు ఏం కావాలి?" ఆయన నిట్టూర్చాడు. "ఈ మందు విషయంలో నువ్వు ఓటు వేయకు. కాసేపు బయట కూర్చో."

తలుపు దగ్గర ఆగి ఆమె ఒక్కటే అడిగింది. "ఇవ్వదలిస్తే ఇవ్వండి సార్. ప్రతి అట్ట మీదా ఒక చీటీ అయినా అంటిద్దాం. నెలకోసారి రక్తపరీక్ష, కళ్ళు పచ్చబడితే, మూత్రం ముదురు రంగులో వస్తే వెంటనే మానేసి రమ్మని. అంతే."

"జనాన్ని బెదరగొట్టకూడదమ్మా. చెప్పాల్సింది డాక్టర్లు చెప్పుకుంటారు."

వసారాలో బల్ల మీద కూర్చుంది. ఎదురుగా నీళ్ళ కుళాయి కారుతోంది. లోపల ఇరవై నిమిషాల్లో మాత్ర పాసైపోయింది. చీటీ మాట ఎవరూ తిరిగి ఎత్తలేదు. తర్వాత నెలలో ఆమెను మూడో అంతస్తు నుంచి కింద మందుల కౌంటరుకు మార్చారు. శిక్ష అని ఎవరూ అనలేదు. కౌంటరులో మనుషులు చాలట్లేదని కాగితంలో రాశారు. ఆమె గదిలోకి ఫోటోకాపీ మిషను వచ్చింది.

ఆ రోజుల్లో ఆమెకు ఒళ్ళంతా మంట. 'వద్దంటే వినలేదు కదా, వాళ్ళే చూసుకోనీ' అన్న మాట పొద్దున లేస్తూనే మనసులో మొదలయ్యేది. కౌంటరు అద్దం వెనక నిలబడి మందుల చీటీ చూడటం, అట్ట కత్తిరించడం, కవరులో వేసి నెట్టడం. ఎవరితోనూ ముక్క ఎక్కువ మాట్లాడేది కాదు.

ఒక మధ్యాహ్నం కౌంటరు ముందు నలభైమంది ఉన్నారు. బస్సు డ్రైవరు ఒకాయన వంతు వచ్చింది. ఖాకీ చొక్కా జేబులోంచి తాళాల తాడు వేలాడుతోంది. ఏళ్ళు నలభై దాటి ఉంటాయి. చీటీ మీద ఆ మాత్రే. ఆమె అట్టలు లెక్కపెట్టి కవరులో వేసింది. ఆయన కవరు తీసుకుని, కదలకుండా అద్దానికున్న రంధ్రం దగ్గరికి వంగాడు.

"మేడమ్, ఇది కొత్త మందంట కదా. ఏమైనా జాగ్రత్తలున్నాయా? బండి నడిపేవాణ్ణి, అందుకని అడుగుతున్నా."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది వచ్చిన సంగతి ఆమెకు జీవితాంతం గుర్తుంటుంది. చెప్పాల్సింది డాక్టర్లు చెప్పుకుంటారన్న గొంతు, నవ్విన గొంతు, వసారాలో బల్ల, అన్నీ దానికి అడ్డం నిలబడ్డాయి.

"డాక్టరుగారు చెప్పే ఉంటారుగా. రాసినట్టు వేసుకోండి" అంది. "తర్వాత ఎవరండీ?"

"సరే మేడమ్, థాంక్సండీ" అని ఆయన వెళ్ళిపోయాడు.

పదకొండు వారాలకు ఆయన్ను మగవాళ్ళ వార్డులో చేర్చారు. ఆ మాత్ర ఆపేయమని కాగితం కౌంటరుకు వస్తే, కత్తెరమ్మ పరుగులాంటి నడకతో వార్డుకు వెళ్ళింది. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. గోక్కుని గోక్కుని చేతులు చారలు తేలాయి. ఆయన ఆమెను గుర్తుపట్టాడు.

"మీరు కౌంటరు మేడమ్ కదూ. తలనొప్పి మాత్రం పోయిందండీ" అన్నాడు మర్యాదగా, ఆమె చేసిన మేలు చెప్పుకుంటున్నట్టు. "మూత్రం ముదురుగా వస్తుంటే ఎండలో బండి నడిపి వేడి చేసిందనుకున్నాను. నెల రోజులు నీళ్ళు తాగుతూ కూర్చున్నాను."

నెల రోజులు. ఆమె దిండు సర్ది వచ్చేసింది. తొమ్మిదో రోజున ఆయన చనిపోయాడు.

కమిటీ అత్యవసరంగా కూర్చుని మాత్రను జాబితాలోంచి తీసేసింది. తలనొప్పి డాక్టరు ఆ సమావేశంలో తల వంచుకునే కూర్చున్నాడని, తన పేషెంట్లందరికీ తనే ఫోన్లు చేసుకుంటున్నాడని విన్నది. కమిటీ మాత్రం తన నివేదికలో 'ఈ మందు విషయంలో కమిటీ మొదటి నుంచీ జాగ్రత్తగా ఉంది, ఒకసారి వాయిదా కూడా వేసింది' అని రాసుకుంది. పెద్ద డాక్టరు ఆమెను గదికి పిలిచి కుర్చీ చూపించాడు.

"నువ్వు చెప్పిందే నిజమైందమ్మా. మళ్ళీ పైకి వచ్చేయ్. నీ గది నీకిచ్చేస్తాం."

ఆమె జవాబు చెప్పకుండా అక్క ఇంటికి వెళ్ళింది. అక్క చీకటి గదిలో ఉంది. నొప్పి తగ్గుముఖం పట్టిన పూట. కత్తెరమ్మ నేల మీద కూర్చుని డ్రైవరు సంగతి మెల్లగా చెప్పింది. కౌంటరు దగ్గర ఆయన అడిగిన ముక్క ఒక్కటీ మింగేసి మిగతాదంతా చెప్పింది. 'నీ మాట వినబట్టి బతికానే' అని అక్క అంటుందని ఎదురుచూసింది. ఆ ఒక్క మాట కోసమే ఇంత దూరం వచ్చిందేమో కూడా.

అక్క కళ్ళ మీది తువ్వాలు కాస్త పైకి జరిపింది.

"అతనికి మందు ఇచ్చిందెవరు?"

"కౌంటరులో."

"కౌంటరులో ఎవరు?"

"నేనే."

"నా దగ్గరికి వచ్చి నాలుగు రోజులు కూర్చున్నావు. నన్ను తిట్టావు, ఏడ్చావు, మీ బావ కాళ్ళు పట్టుకున్నంత పని చేశావు. అతనికేం చెప్పావు?"

కత్తెరమ్మ మంచం పక్కనున్న గిన్నెను అవతలికి జరిపింది.

"నాకు ఆ రెండున్నర నెలల సుఖమూ పోయింది. మా చెల్లెలు మంచికే చేసిందిలే, అందరికీ ఇలాగే చెబుతుందిలే అనుకుని ఓర్చుకున్నా." అక్క గోడ వైపు తిరిగింది. "వెళ్ళు. తలుపు చప్పుడు కాకుండా వెయ్యి."

మర్నాడు ఆమె డ్రైవరు మరణం మీద ఫారం నింపింది. ఇతర వివరాలు అన్నచోట, మందు ఇచ్చేటప్పుడు రోగి జాగ్రత్తల గురించి అడిగాడనీ, ప్రమాదం తెలిసి కూడా తాను చెప్పలేదనీ రాసి కింద సంతకం పెట్టింది. పెద్ద డాక్టరు అది చదివి ఎర్రబడ్డాడు. "ఆ వాక్యం కొట్టేయ్. నీ ఉద్యోగానికే కాదు, ఆస్పత్రికే చుట్టుకుంటుంది. నీకు పిచ్చా?" అన్నాడు. ఆమె కొట్టేయలేదు. ఆయన ఫారం తన సొరుగులో పెట్టుకున్నాడు. ఆమె ఇంకో ఫారం నింపి పోస్టులో తనే పంపింది. విచారణ జరుగుతుందని కాగితం వచ్చింది. పైన గది మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పదిహేను రోజుల తర్వాత డ్రైవరు భార్య కౌంటరు దగ్గరికి వచ్చింది. సన్నటి మనిషి, జోళ్ళు చేత్తో పట్టుకున్నట్టు చప్పుడు లేకుండా నడిచి వచ్చింది. సంచిలోంచి రెండు అట్టలు తీసి రంధ్రంలోంచి లోపలికి నెట్టింది. ఒకటి నిండుగా ఉంది. ఇంకోదానిలో మూడు మాత్రలు మిగిలాయి.

"ఇవి తీసేసుకుంటారా అండీ? ఇంట్లో చిన్నపిల్లలున్నారు. చెత్తలో వేద్దామంటే ఎవరైనా ఏరుకుని మింగుతారేమోనని భయం."

"ఇలా ఇవ్వండమ్మా." తీసుకుంది. తర్వాత పక్క తలుపు తీసుకుని బయటికి వచ్చి ఆమె ఎదురుగా నిలబడింది. అద్దం వెనక నుంచి చెప్పే మాట కాదది.

"ఆయనకు ఈ మాత్రలు ఇచ్చింది నేనే. ఆయన నన్ను అడిగారు, జాగ్రత్తలేమైనా ఉన్నాయా అని. నాకు తెలుసు. చెప్పలేదు."

ఆ మనిషి అర్థం కానట్టు చూసింది. "తెలిసి కూడానా?"

"తెలిసి కూడా."

"మా ఆయన మీతో ఏమైనా మాట తూలాడా?"

"లేదమ్మా. చాలా మర్యాదగా అడిగారు."

"మరి?"

ఆస్పత్రి పైవాళ్ళతో గొడవ, ఓటు, వసారా, నవ్విన గొంతు. ఇవన్నీ ఈ మనిషి ముందు పెట్టడానికి కత్తెరమ్మకు సిగ్గేసింది. ఏది చెప్పినా సాకులాగే ఉంటుంది. "కోపంగా ఉన్నాను. ఆయన మీద కాదు" అంది.

ఆ మనిషి తిట్టలేదు. వరుసలో ఉన్నవాళ్ళు చూస్తున్నారు. "ఎంతసేపు పట్టేదండీ, చెప్పడానికి?" అని అడిగింది, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

"అర నిమిషం."

ఆమె తలాడించింది. సంచి మడిచి చంకలో పెట్టుకుంది. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "మీ పేరేంటండీ? పిల్లలు పెద్దయ్యాక అడిగితే చెప్పాలి" అంది.

కత్తెరమ్మ తన అసలు పేరు చెప్పింది. ఆమె దాన్ని పెదాలతో ఒకసారి అనుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. కత్తెరమ్మ లోపలికి వచ్చి, వరుసలో ముందున్నాయన చీటీ అందుకుంది.